చంద్రమతి వేషానికి పిలుపొచ్చిన అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన రికార్డింగు విన్నాను. గొంతు బాగుంది. ఐదో శ్రుతిలో పైషడ్జం (పై స) దాకా ఎక్కడా బిగుసుకోకుండా వెళ్తోంది, ఆ విషయంలో నీకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ పద్యనాటకాలు ఆడొచ్చా, హరిశ్చంద్ర నాటకంలో హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి వేషానికి అడిగారు ఒప్పుకోనా, అమ్మ భయపడుతోంది ఏం చెప్పాలి అని అడిగావు. అన్నిటికీ కలిపి రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకో.

ముందు పద్యం సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి. నువ్వు పాడిన పద్యంలో రాగం బాగా తెలిసింది గానీ ఆ మాటలు ఎవరితో అంటున్నావో నాకు అర్థం కాలేదు. కచేరీ పాడేవాళ్లు రంగస్థలం మీదికి వస్తే మొదట్లో అందరికీ ఇదే ఇబ్బంది. పద్యానికి తాళం లేదు కదా, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, ఎంతసేపైనా సాగదీయొచ్చు అనుకుంటారు. ఆ స్వేచ్ఛ ఇచ్చింది మాట కోసం. అందుకని కొత్త పద్యం చేతికొస్తే హార్మోనియం పక్కన పెట్టేయ్. ముందు మామూలు మాటల్లో చెప్పు, మీ అమ్మతో వంటింట్లో చెప్పినట్టే చెప్పు. పదాలు విడగొట్టుకో, క్రియ ఎక్కడుందో వెతుక్కో, ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిలుతో గీత పెట్టుకో. పాదం చివర మాట తెగి తర్వాతి పాదంలోకి పోతుంటే నువ్వు కూడా ఆగకుండా పోవాలి. చాలామంది పాదం అయిందని ఆగిపోయి, మాటని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కని కొత్త మాటలాగా ఎత్తుకుంటారు, వినేవాడికి ఏమీ అర్థం కాదు. సీసపద్యమైతే ఇంకా జాగ్రత్త. నాలుగు పెద్ద పాదాల్లో ఊపిరీ, రాగంలోని సంగతులూ అన్నీ ఖర్చు పెట్టేసి, కింద గీతపద్యాన్ని గబగబా ముగించేస్తుంటారు. చెప్పాల్సిన అసలు మాట చాలాసార్లు ఆ గీతంలోనే ఉంటుంది, దానికి ఊపిరి దాచుకోవాలి.

ఆలాపన వద్దని నేను అనను. మన జనానికి ఆలాపన కావాలి, దానికోసమే తెల్లవార్లూ చలిలో కూర్చుంటారు, అది వాళ్ల హక్కు. కానీ పద్యంలోని బాధో కోపమో మాటతో అయిపోయాక ఇంకా మిగిలితే, ఆ మిగిలిందే రాగంగా రావాలి. చప్పట్ల కోసం ముందే లెక్క వేసుకుని పాడితే అది రెండో వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా తెలిసిపోతుంది. వన్స్‌మోర్ అడిగితే ఒకసారి పాడు, తప్పులేదు, సీను నడిమధ్యలో మాత్రం ఒప్పుకోకు.

ఇప్పుడు కాంట్రాక్టు నాటకాల (కాంట్రాక్టరు తలో ఊరి నుంచి నటుల్ని పిలిపించి ఆడించే నాటకాల) సంగతి, ఎందుకంటే నీకు పిలుపొచ్చింది అక్కడి నుంచే. ఇందులో రిహార్సల్స్ ఉండవని నీకు ఎవరూ చెప్పి ఉండరు. హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి, విశ్వామిత్రుడు ఇంకో ఊరి నుంచి, నక్షత్రకుడు మరో ఊరి నుంచి సాయంత్రానికి దిగుతారు, మేకప్ దగ్గరే పలకరింపులు. కృష్ణరాయబారంలో అయితే ఒక్కో సీనుకి ఒక్కో కృష్ణుడు వస్తాడు, ఒకే రాత్రి ముగ్గురు నలుగురు కృష్ణులతో ఆడాల్సి వస్తుంది, ఒకాయన ఆపిన చోట ఇంకొకాయన ఆపడు. దీనికి మందు ఒక్కటే, నీ పద్యాలతో పాటు ఎదుటివాళ్ల పద్యాలు కూడా నీకు కంఠతా వచ్చి ఉండాలి. ఎవరు ఎక్కడ మింగినా, ఎక్కడ ఎగరగొట్టినా నువ్వు అందుకోగలగాలి.

ఆ సాయంత్రం దిగగానే నువ్వు మొదట కలవాల్సింది హార్మోనిస్టుని. హీరోని తర్వాత కలవొచ్చు. ఆయన దగ్గర కూర్చుని నీ శ్రుతి చెప్పు, ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటావో వరసగా చెప్పు. మగవాళ్ల శ్రుతి వేరు, నీ శ్రుతి వేరు. ఎదుటి మగపాత్ర పద్యం అయ్యీ కాగానే నీ పద్యం ఎత్తుకోవాలంటే మధ్యలో హార్మోనిస్టు శ్రుతి మార్చి నీకు షడ్జం అందించాలి, అది రెప్పపాటులో జరగాలి. హార్మోనిస్టు నీ వైపు ఉన్నాడంటే సగం టెన్షన్ తీరినట్టే. వయసులో చిన్నవాడైనా సరే గారు అని పిలువు. ఇంకోటి, అందరూ మైకు ముందుకొచ్చి జనం వైపు తిరిగి పాడతారు, ఎదుటి పాత్రని అసలు చూడరు. నువ్వు మాత్రం మొదటి రెండు మాటలైనా ఎదుటివాళ్ల ముఖంలోకి చూసి అను, తర్వాత మైకు వైపు తిరుగు. ఈ ఒక్క పనికే నిన్ను గుర్తుపెట్టుకుంటారు.

చంద్రమతి విషయం. ఒప్పుకో. కాకపోతే ఆ వేషం ఎక్కడ బరువెక్కుతుందో తెలుసుకుని ఒప్పుకో. హరిశ్చంద్రుడు భార్యని అమ్మే సీను అందరూ బాగానే చేస్తారు. కష్టమంతా కాటిసీనులో, అంటే శ్మశానం సీనులో, ఉంది. ఆ సీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. ముందు హరిశ్చంద్రుడు ఒక్కడే ఉంటాడు, నాటకం రాసిన బలిజేపల్లి వారి పద్యాలతో పాటు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా పాడతాడు, అవి లేకపోతే జనం ఊరుకోరు. హరిశ్చంద్రుడి వేషానికి పేరుమోసిన డి.వి. సుబ్బారావు గారి రికార్డులు దొరికితే విను, ఆ సీను ఎందుకంత పేరు తెచ్చుకుందో తెలుస్తుంది. హరిశ్చంద్రుడు పాడుతున్నంతసేపూ నువ్వు తెర పక్కన ఖాళీగా ఉంటావు. అప్పుడే గొంతు చల్లబడేది. నిద్ర ముంచుకొస్తుంది, ఎవరో టీ ఇస్తారు, కబుర్లు మొదలవుతాయి. కూర్చోకు. నిలబడి, నోరు మూసుకుని, లోపల్లోపల శ్రుతి పట్టుకుని ఉండు.

లోహితుణ్ణి ఎత్తుకుని వచ్చాక ఏడుపు పద్యాలు. నిజంగా ఏడిస్తే గొంతు పూడిపోతుంది, శ్రుతి జారిపోతుంది. ఏడుపు మాటలో ఉండాలి, భుజాల్లో ఉండాలి, కొడుకు ముఖం మీది జుట్టు సర్దే చేతిలో ఉండాలి, గొంతు మాత్రం తెరిచే ఉంచాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, ఇంట్లో ఒళ్లో దిండు పెట్టుకుని రోజూ చెయ్. ఆ తర్వాత కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు, ఎవరో తెలియక, కాటిసుంకం అడుగుతాడు. నా దగ్గరేముందంటుంది. మెడలో మంగళసూత్రం ఉంది కదా అంటాడు. ఆ సూత్రం భర్తకి తప్ప వేరెవరికీ కనపడదు. అక్కడ చాలామంది వెంటనే గుండెలు బాదుకుని పద్యం ఎత్తుకుంటారు. నువ్వు ఎత్తుకోకు. చెయ్యి మెడ మీదికి వెళ్లనీ, సూత్రం వేళ్లకి తగలనీ, ఎదురుగా ఉన్న కాటికాపరిని పైనుంచి కిందికి చూడు. హార్మోనిస్టుతో ముందే మాట్లాడుకో, అక్కడ ఆయన కూడా వేళ్లు ఎత్తేయాలి. జనం కథ మొత్తం తెలిసే వచ్చారు, అయినా సరే ఆ కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తారు. నాటకం మొత్తానికీ చంద్రమతికి దక్కిన సొంత క్షణం అది, దాన్ని పద్యంతో పూడ్చేయకు.

ఇక మీ అమ్మ. ఆవిడ భయం ఉత్తదేమీ కాదు, ముందు అది ఒప్పుకుని మాట్లాడు. నాటకాల్లో ఆడవాళ్లని లోకువగా చూడటం ఇవాళ్టికీ ఉంది. అయితే ఇది నీతో మొదలైన దారేమీ కాదని కూడా చెప్పు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు నాటకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి పెరిగిన ఆ సమాజాల్లో ఆడవేషాలు వాళ్లింటి ఆడవాళ్లే వేశారు, మిగతా చోట్ల మగవాళ్లు చీరలు కట్టి వేస్తున్న రోజుల్లోనే. (స్థానం నరసింహారావు గారి సత్యభామని తక్కువ చేయడం లేదు, 1956లో పద్మశ్రీ ఆయనకి ఊరికే రాలేదు, ఆ నడక చూసి ఆడవాళ్లే నేర్చుకున్నారంటారు.) సురభి కమలాబాయి వాళ్లమ్మకి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కమలాబాయే 1932లో మన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి. కన్నాంబ గారు నాటకాల్లోంచే వచ్చారు, 1935లో సినిమా చంద్రమతి ఆవిడే. దాసరి కోటిరత్నం గారు మగవేషాలకీ పేరు తెచ్చుకున్నారు, తర్వాత సినిమా నిర్మాణంలోకీ దిగారు. వీలైతే అమ్మని ఒకసారి హైదరాబాదులో సురభి వాళ్ల నాటకానికి తీసుకెళ్లు, ఆట అయ్యాక లోపలికి వెళ్లి ఆ ఆడవాళ్లతో మాట్లాడించు. చంకలో పిల్లని దించి రంగు పూసుకుని మాయాబజారులో వేషం వేసి, మళ్లీ వచ్చి పిల్లకి అన్నం పెట్టుకునే వాళ్లని చూస్తే ఆవిడకి నీకంటే ఎక్కువ సంగతులు అర్థమవుతాయి.

భయం పోవడానికి కబుర్లతో పాటు ఏర్పాట్లు కూడా కావాలి. బయానా, అంటే అడ్వాన్సు, తీసుకునే ముందు కాంట్రాక్టరుని అడగాల్సినవి మొహమాటం లేకుండా అడుగు. బట్టలు మార్చుకోవడానికి గొళ్లెం ఉన్న గది ఉందా, బాత్రూం ఉందా, తిరుగు ప్రయాణం ఎలా, నాతో ఇంకో ఆడమనిషి వస్తుంది ఆమె ఖర్చు ఎవరిది. బడి గదో గుడి మంటపమో ఇచ్చి సర్దుకోమ్మా అంటే, తెర కట్టించాకే మేకప్‌కి కూర్చో. మిగతా డబ్బు కూడా మేకప్‌కి ముందే చేతిలో పడాలి. ఆట అయ్యాక తెల్లారుజామున కమిటీ వాళ్లు కనపడరు, కాంట్రాక్టరు ఫోను ఎత్తడు, అలా పోగొట్టుకున్న ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇలా అడిగితే పొగరుబోతు అంటారు, అననీ. రెండు సీజన్లు పోతే అదే మనిషి నీకు ఫోన్ చేసి, అమ్మా గది చూపించాం, వచ్చేయండి అంటాడు. స్టేజీ మీదికొచ్చి నోట్లు చదివించేవాళ్లు ఉంటారు, రెండు చేతులు జోడించి హార్మోనియం మీద పెట్టమని చూపించు, చేతికి అందుకోకు.

చింతామణికి పిలిస్తే ఏం చేయమంటావని నువ్వు అడగలేదు, కానీ తెలంగాణ వైపు నుంచి ఎప్పటికైనా పిలుస్తారు. కాళ్లకూరి వారు వేశ్యాలోలత్వం మీద రాసిన గొప్ప నాటకం అది, చివరికి మారే మనిషి చింతామణి. పల్లెల్లో ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి సీనులో బూతులు చేర్చి దాన్ని వేరే దారి పట్టించారు, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. దాని మీదే బతికిన నటీమణులకి ఒక్కరోజులో పని పోయింది. నాకు ఆ బూతులంటే ఎంత కోపమో ఆ ఆడవాళ్ల గురించి అంత బాధ. నువ్వు మాత్రం ఒకే వేషం మనిషివి అవ్వకు. చంద్రమతి తర్వాత ద్రౌపది నేర్చుకో, ఆ తర్వాత సత్యభామ.

ఉద్యోగం వదలొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. శివరాత్రి, శ్రీరామనవమి, వినాయకచవితి, దసరా, ఊరి జాతరలు, వీటి చుట్టూనే పని ఉంటుంది, వానలు పడితే ఇంట్లో కూర్చోవాలి. నెలజీతం ఉన్నప్పుడే చెడ్డ కాంట్రాక్టుకి రానని చెప్పే ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యమే నీ కళని కాపాడుతుంది. శనివారం రాత్రి ఆటలు ఒప్పుకో, ఆదివారం పడుకో. విజయవాడ రేడియో స్టేషన్‌లో నాటక ఆడిషన్లు పెట్టినప్పుడు ఇచ్చి రా, మైకు ముందు మాట ఎలా పలకాలో అక్కడ నేర్చుకున్నట్టు ఇంకెక్కడా నేర్చుకోలేం.

గొంతు గురించి ఎక్కువ చెప్పను. ఆట ఉన్న రోజు పొద్దుగూకే లోపే తినేయ్, కారాలు వద్దు, మధ్యమధ్యలో గోరువెచ్చటి నీళ్లు. పగలంతా ఫోన్‌లో అరుస్తూ మాట్లాడి రాత్రి పద్యం పాడతానంటే కుదరదు. గొంతు మొద్దుబారే బిళ్లలు చప్పరించి పాడొద్దు, నొప్పి తెలియకపోతే ఎంత అరుస్తున్నావో తెలియదు. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలు తాగుతూ కూర్చోకుండా చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్లు, స్వరతంత్రుల మీద కాయలు కడితే మొదట్లో విశ్రాంతితో పోతాయి, ముదిరితే పోవు.

ఈ వారం ఒక పని చెయ్. కాటిసీనులో నీ పద్యాలన్నీ రాగం లేకుండా, ఉత్త మాటల్లో చెప్పి రికార్డు చేసి పంపు. అవి వినే దాకా బయానా తీసుకోకు. ఆ కాంట్రాక్టరు నంబరు కూడా పంపు, గది సంగతీ తిరుగు బస్సు సంగతీ మొదటిసారి నేనే మాట్లాడతాను, నువ్వు పక్కనుండి విను.

మీ పెద్దమ్మ