కుళ్ళిన కండను మందు ఒక్కటే బాగుచేయదు

ఒకరు అడిగారు: "మా నాన్నగారికి కాలికి తీవ్రమైన ఇన్ఫెక్షన్. నిన్న ఆపరేషన్ చేసి కుళ్ళిన కండ తీసేశారు. రేపు మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్తాం, ఇంకా తీయాల్సి రావచ్చు అంటున్నారు. అంత బలమైన యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు కదా, వాటితో తగ్గదా? అవసరం లేకుండా కోస్తున్నారా?"

అవసరం ఉండే కోస్తున్నారండీ. రెండో ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టండి. మా చిన్నాన్న విషయంలో మా ఇంట్లో అందరి నోటా ఇదే ప్రశ్న వచ్చింది. ఆయన పక్కన ఉండి చూసుకున్నది నేనే కాబట్టి, చూసింది చూసినట్టు చెబుతాను.

ఆయనకు చాలా ఏళ్ళుగా షుగర్. మడమ దగ్గర చిన్న పగులు ఉండేది. ఒకరోజు జ్వరం వచ్చింది, కాలు కాస్త ఎర్రబడింది. చూసేవాళ్ళకు పెద్దగా ఏమీ కనిపించలేదు. ఆయన మాత్రం నొప్పితో మెలికలు తిరిగిపోయారు, దుప్పటి తగిలినా అరిచేవారు. మొదట చూపించిన చోట నొప్పి మాత్రలు రాసిచ్చి, వాపు అదే తగ్గుతుంది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పైకి కనిపించేదానికీ మనిషి పడుతున్న బాధకీ పొంతన లేకపోతే అదే పెద్ద ప్రమాద సూచన. చర్మం కింద, కండను కప్పి ఉండే పొర వెంట ఇన్ఫెక్షన్ పాకుతూ ఉంటుంది. పైన చర్మం కొంతసేపు మామూలుగానే ఉండి మోసం చేస్తుంది. నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ అని దీనికి పేరు పెట్టింది 1952లో. జబ్బు మాత్రం అంతకన్నా చాలా పాతది. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన సైనిక వైద్యుడు జోసెఫ్ జోన్స్ ఇలాంటిదాన్ని హాస్పిటల్ గ్యాంగ్రీన్ పేరుతో 1871లోనే వివరంగా రాశాడు. అంతకాలంగా తెలిసిన జబ్బు ఉన్న మనిషిని నొప్పి మాత్ర ఇచ్చి ఇంటికి పంపడం ఏమిటి?

మర్నాటికి కాలి మీద నల్లటి మచ్చలు, నీటి పొక్కులు లేచాయి. వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమంటూ గాలి కదిలినట్టు తెలిసేది. పెద్దాసుపత్రికి చేరేసరికి బీపీ పడిపోయింది, మాట తడబడుతోంది. అక్కడి సర్జన్ స్కాన్ కోసం కూడా ఆగలేదు, వెంటనే తెరవాలి అన్నారు. మా పిన్ని సంతకానికి వెనకాడింది. అదే సమయానికి బంధువొకరు ఫోన్ చేసి, "ముందు మందులు వాడి చూడమను. షుగర్ ఉన్నవాళ్ళకు కోస్తే పుండు మానదు" అని మొదలుపెట్టారు. పేషెంట్‌ను కళ్ళతో చూడకుండా ఫోన్‌లో ఇలాంటి సలహాలిచ్చేవాళ్ళ వల్ల ఎంత విలువైన సమయం పోతుందో వాళ్ళకు తెలియదు. ఈ జబ్బులో గంటలకు లెక్క ఉంటుంది. ఆ ఫోన్ నేనే పెట్టేశాను.

సర్జన్ మా పిన్ని పక్కన కూర్చుని, "అమ్మా, మందు రక్తంతో పాటు వెళ్తుంది. చచ్చిపోయిన కండకు రక్తమే వెళ్ళదు. నేను ఎన్ని సీసాలు ఎక్కించినా మందు అక్కడికి చేరదు" అన్నారు. ఆవిడ సంతకం పెట్టేసింది.

మీ ప్రశ్నకు కూడా అదే జవాబు. ఇన్ఫెక్షన్ సోకిన చోట సన్నటి రక్తనాళాలు గడ్డకట్టి మూసుకుపోతాయి. దాంతో కండ చస్తుంది. ఆ చచ్చిన కండ మీద బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది, దాని విషం రక్తంలో కలిసి కిడ్నీల మీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే కాలు కన్నా ముందు మనిషి దక్కాలని చూస్తారు. మరి రెండోసారి ఎందుకంటే, నిన్న బతికే ఉన్నట్టు కనిపించిన అంచు ఇవాళ్టికి చచ్చిపోయి ఉండొచ్చు. ఎంతవరకు తీయాలో ఒక్కసారికి తేలదు. మామూలుగా ఒకటి, ఒకటిన్నర రోజుల్లోనే మళ్ళీ తెరిచి చూస్తారు. రేపు మళ్ళీ చూస్తాం అన్న డాక్టరు జాగ్రత్తపరుడని నా నమ్మకం. ఒక్కసారి కోసి, కట్టు కట్టి, అయిపోయింది అనేవాళ్ళను చూస్తేనే నాకు భయం.

అలాగని మందులు తక్కువవని కాదు. మా చిన్నాన్నకు మెరోపెనెం, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్స్, వాటితో పాటు క్లిండమైసిన్ అనే ఇంకొకటి కూడా ఇచ్చారు. మూడెందుకని అడిగితే, క్లిండమైసిన్ బ్యాక్టీరియా విషం తయారు చేయకుండా అడ్డుకుంటుందని చెప్పారు. బ్యాక్టీరియా మరీ ఎక్కువైపోయి పెరగడం నెమ్మదించిన చోట పెన్సిలిన్ లాంటి మందుల (మెరోపెనెం కూడా ఆ కోవదే) బలం తగ్గిపోతుంది. హ్యారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త 1952లోనే ఎలుకల మీద దీన్ని చూపించాడు. క్లిండమైసిన్‌కు ఆ ఇబ్బంది లేదు. పుండులో ఉన్నది ఏ బ్యాక్టీరియానో చెప్పే కల్చర్ రిపోర్ట్ వచ్చాక వాంకోమైసిన్ ఆపేశారు. అవసరం లేని మందు ఆపడం మంచి వైద్యమే. అందులోనూ అది కిడ్నీల మీద పడే మందు, అప్పటికే ఆయన రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) పెరిగి ఉంది. మందులు తగ్గించేస్తున్నారని మావాళ్ళలో కొందరు గొడవ చేశారు కానీ, అదే మందు ఇంకా ఎక్కించి ఉంటే డయాలసిస్ దాకా వెళ్ళేవాళ్ళమని నేను ఇప్పటికీ అంటాను.

చివరికి రెండు వేళ్ళు పోయాయి, కాలు నిలిచింది. పుండు శుభ్రపడ్డాక స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అంటించి, మెషిన్‌తో తడిని లాగేసే కట్టు వేశారు. అడుగున ఎర్రటి కొత్త కండ పట్టాక తొడ నుంచి పల్చగా చర్మం తీసి అతికించారు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ అప్పుడు మత్తు ఇస్తారు కాబట్టి మనిషికి తెలియదు. అసలు నరకం వార్డులో కట్టు మార్చేటప్పుడు ఉంటుంది. పుండుకు అతుక్కుపోయిన గాజ్ గుడ్డను (కట్టు కింద పెట్టే పల్చటి నూలు గుడ్డ) తడపకుండా లాగేవాళ్ళను నేను చూశాను. పొద్దున కట్టు మారుస్తారని తెలిస్తే ముందు రాత్రి నుంచే చిన్నాన్నకు టెన్షన్ మొదలయ్యేది, నిద్రపోయేవారు కాదు. నొప్పి మందు ఇస్తారు, కానీ కట్టు మార్చడం అయిపోయాక! ఎవరూ కావాలని చేసింది కాదు, రౌండ్ల హడావిడిలో అలా జరిగిపోయేది. నేను డ్యూటీ డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాక, నొప్పి ఇంజెక్షన్ ముందే ఇచ్చి, అది పనిచేయడం మొదలయ్యాక గాజ్ గుడ్డను సెలైన్‌తో బాగా నానబెట్టి తీయడం మొదలుపెట్టారు. ఆయన ముఖంలో తేడా అందరికీ కనిపించింది.

షుగర్ ఉన్నవాళ్ళకు కాళ్ళలో స్పర్శ ఉండదు, నొప్పి తెలియదులే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కొందరికి తెలియదేమో, మీ నాన్నగారికి తెలుస్తుందో లేదో ఆయననే అడగండి. తెలుస్తుందంటే, కట్టు మార్చే ముందు ఇవ్వాల్సిన నొప్పి మందును డాక్టర్ చేత కేస్ షీట్‌లో రాయించండి. నోటిమాటగా చెప్పిస్తే షిఫ్ట్ మారాక వచ్చిన నర్సుకు ఆ సంగతి తెలియదు, డాక్టర్ రాయకుండా ఇవ్వడానికి ఆమెకు వీలుండదు కూడా.