రెండో భాష: ఎప్పుడు, ఎవరి నోట, ఎంతసేపు?

ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకుల దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరేళ్ళలోపు పిల్లల మాటల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాపకు రెండేళ్ళ మూడు నెలలు. నేనూ మా వారూ ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాం. మా అత్తగారు తెలుగులో మాట్లాడతారు. పాప ‘డాగ్ వచ్చింది’, ‘నాకు వాటర్ వద్దు’ అంటోంది. రెండూ కలగాపులగమై ఏదీ సరిగా రాదేమోనని అత్తగారు భయపడుతున్నారు.
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: మీరు రాసిన ఆ రెండు వాక్యాలనే చూడండి. ‘డాగ్’ ఇంగ్లీషు మాటే. కానీ ‘వచ్చింది’ అంది, ‘వచ్చాడు’ అనలేదు. ‘నాకు’ అనడంలో విభక్తి సరిగ్గా పడింది. ‘వద్దు’ వాక్యం చివర కూర్చుంది. వ్యాకరణమంతా తెలుగుదే, ఎక్కువసార్లు చెవిన పడిన పేరు మాత్రం ఇంగ్లీషుది. ‘బస్సు మిస్సయింది’ అని పెద్దలం అనేది కూడా ఇలాగే. పాపకు గందరగోళమేమీ లేదని అత్తగారికి ధైర్యం చెప్పండి.

పాపకు ఎన్ని మాటలు వచ్చాయో లెక్క వేసేటప్పుడు రెండు భాషలవీ కలిపి వేయాలి. తెలుగులో 60, ఇంగ్లీషులో 40 వస్తే ఒక్కో భాషలో వెనకబడ్డట్టు కనిపిస్తుంది కానీ, పాప దగ్గర ఉన్నవి 100 మాటలు. ‘డాగ్ కాదు, కుక్క అనాలి’ అని ఆపి దిద్దకండి. ‘అవును, కుక్క వచ్చింది. తోక ఊపుతోంది చూడు’ అని వాక్యాన్ని పూర్తిచేసి తిరిగి ఇవ్వండి. దిద్దితే బిడ్డ మాట మింగేస్తుంది, పొడిగిస్తే ఇంకో మాట కలుపుతుంది.

మాకు దిగులు కలిగించేది వేరే విషయం. ఒక రోజంతా మీరిద్దరూ పాపతో అన్న ఇంగ్లీషు మాటలను కాగితం మీద రాసుకోండి. చాలా ఇళ్ళలో ఆ జాబితా ‘కమ్, సిట్, ఈట్ ఫాస్ట్, డోంట్ టచ్, గుడ్ గర్ల్’ దగ్గరే అయిపోతుంది. నాయనమ్మ అన్నం పెడుతూ ‘వేడిగా ఉంది, ఊదుకో, చల్లారాక తిందువుగాని, నిన్న తిన్నావే ఆ పప్పే ఇది’ అంటుంది. ఆ ఒక్క మాటలో కారణం ఉంది, ముందూ వెనకా ఉంది, నిన్నటి జ్ఞాపకం ఉంది. బిడ్డ మెదడుకు కావలసిన మేత అది. ఏ భాషలో మీరు కథ చెప్పగలరో, అలిగిన బిడ్డను బుజ్జగించగలరో, గిల్లికజ్జాను విప్పి చెప్పగలరో ఆ భాషలోనే ఎక్కువ సేపు మాట్లాడండి. ఇద్దరిలో ఒకరికి ఇంగ్లీషు ధారాళంగా వస్తే వారు ఇంగ్లీషు తీసుకోండి, రెండోవారు తెలుగుకు వచ్చేయండి. ఇద్దరికీ అంతంత మాత్రంగా వస్తే ఇంగ్లీషును రోజులో ఒక నిర్ణీత వేళకే పెట్టుకుని, మిగతా రోజు తెలుగుకు వదలండి.

ప్రశ్న: ఏడేళ్ళు దాటితే ఇంకో భాష రాదంటున్నారు. మా బాబుకు నాలుగు నిండాయి. ఆలస్యమైపోయిందా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లేదు. భాషలో భాగాలన్నీ ఒకే వయసులో కుదురుకోవు. అన్నిటికన్నా ముందు స్థిరపడేవి ధ్వనులు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన ప్రయోగం మన తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ‘ట’కూ ‘త’కూ తేడా పట్టగలిగారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి అలాంటి ఇళ్ళ పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాను చెవి పట్టించుకోవడం మానేస్తుంది. మన పిల్లలకు ట, త తేడా పుట్టిన ఇంట్లోనే అందుతుంది. ఇంగ్లీషు ‘వెస్ట్’, ‘వెస్ట్’ (ఒకటి పడమర, ఒకటి బనియను) రెండూ మనకు ఒకే ‘వ’గా వినిపించడానికి కారణం కూడా ఇదే. తెలుగులో అక్కడ తేడా లేదు.

వ్యాకరణం నేర్చుకునే శక్తి మాత్రం చాలా కాలం నిలుస్తుంది. సుమారు 6,70,000 మంది జవాబులతో 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఆ శక్తి 17 ఏళ్ళ దాకా బలంగా ఉంటుందని అంచనా కట్టింది. పుట్టుకతో మాట్లాడేవారితో సమానంగా రావాలంటే పదేళ్ళ లోపు మొదలుపెట్టడం మేలని కూడా తేల్చింది. పదసంపదకైతే వయసు హద్దే లేదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మొదటి కొన్ని నెలల్లో నాలుగేళ్ళవాడికన్నా పన్నెండేళ్ళవాడు త్వరగా నేర్చుకుంటాడు. చిన్నపిల్లల గొప్పతనం వేగంలో లేదు, ఏళ్ళ తరబడి సిగ్గుపడకుండా వినడంలో, వాడడంలో ఉంది. మూడు నెలల్లో ఫలితం కనపడలేదని ఆపేస్తే ఆ లాభం పోతుంది.

ప్రశ్న: మూడేళ్ళ మా బాబు ఫోన్‌లో రోజూ రెండు గంటలు ఇంగ్లీషు రైమ్స్ చూస్తాడు. ఇరవై రైమ్స్ అప్పజెబుతాడు. కానీ ‘వేర్ ఈజ్ ద బాల్?’ అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. ఎందుకు?
– భవానీపురం, విజయవాడ

జవాబు: వాడు నేర్చింది పాట, మాట కాదు. 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా వారి మాండరిన్ వినిపించింది. కొందరి ఎదుట మనిషి కూర్చుని 12 విడతలు ఆడిస్తూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడారు. కొందరికి అదే టీవీలో చూపించారు, కొందరికి గొంతు మాత్రమే వినిపించారు. ఎదుట మనిషి ఉన్న పిల్లలే ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు, మిగతావారికి ఏమీ అంటలేదు. బిడ్డ చూపు ఎటు పోతే అటు చూసి ఆ వస్తువు పేరు చెప్పడం, బిడ్డ ‘ఊఁ’ అంటే బదులు పలకడం తెర చేయలేదు. రెండు నుంచి నాలుగేళ్ళ వయసులో తెర ముందు గడిపేది రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ బాబు దానికి రెట్టింపు చూస్తున్నాడు.

ఆ సమయంలో 15 నిమిషాలు తీసి ఇలా చేయండి. రోజూ ఒకే వేళ, స్నానమయ్యాకో పడుకోబోయే ముందో. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న బొమ్మల పుస్తకం ఒకటి తీసుకుని వారమంతా అదే చదవండి. రోజుకో కొత్త పుస్తకం వద్దు, ఒకే మాట పదిసార్లు పదిచోట్ల వినపడితేనే నిలుస్తుంది. మొదటి రెండు రోజులు బొమ్మ మీద వేలు పెట్టి మీరే చెప్పండి. మూడో రోజు నుంచి వాక్యం చివరి మాట దగ్గర ఆగి, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. పెద్దలు ఒకటి, రెండు దగ్గరే తొందరపడి తామే చెప్పేస్తారు. పిల్లలు నోరు విప్పకపోవడానికి తరచుగా ఇదే కారణం. అయిదో రోజుకు ‘బాల్ ఎక్కడ? ఎందుకు పడింది?’ అన్నవి ఇంగ్లీషులో అడగండి. ఆ వారం మాటలనే పుస్తకం బయట వాడండి: బియ్యం కడిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, రైతుబజారులో టమాటాలు ఏరేటప్పుడు.

ఎక్కడ చెడుతుందో కూడా తెలుసుకోండి. ప్రతి వాక్యానికీ వెంటనే తెలుగు అర్థం చెబితే బిడ్డ తెలుగు కోసం ఆగి ఇంగ్లీషును వదిలేస్తాడు. బొమ్మ చూపించు, అభినయించు, అప్పటికీ అందకపోతేనే తెలుగు. ‘వాట్ ఈజ్ దిస్?’ అని వరసపెట్టి అడిగితే అది పరీక్ష అయిపోతుంది. చుట్టాల ముందు ‘అంకుల్‌కి రైమ్ చెప్పు’ అని నిలబెట్టడం అన్నిటికన్నా చేటు. వేసవి సెలవుల్లో పూర్తిగా ఆపితే పై ఏడు మళ్ళీ మొదటికే రావాలి.

ఈ పావుగంట పరిచయానికి సరిపోతుంది. ధారాళంగా మాట్లాడాలంటే మేలుకుని ఉన్న సమయంలో అయిదో వంతు నుంచి పావు వంతు ఆ భాషలో గడవాలన్నది ఈ రంగంలో వాడుక అంచనా. రోజుకు సుమారు రెండున్నర గంటల నుంచి మూడు గంటలు. అది ఇంటికి భారమైతే ఆ భాష మాట్లాడే పిల్లలతో ఆటకు పంపడమే మార్గం. వన్‌టౌన్‌లో హిందీ మాట్లాడే ఇంటి పక్కన ఉన్నవారికి రూపాయి ఖర్చు లేని బడి అది.

ప్రశ్న: మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పాపను ఎల్‌కేజీలో వేశాం. ఇంట్లో ఉర్దూ మానేసి ఇంగ్లీషు మాట్లాడమని బడిలో చెప్పారు. మానాలా?
– వించిపేట, విజయవాడ

జవాబు: మానకండి. ఉర్దూ తీసేస్తే ఆ చోటులోకి ఇంగ్లీషు వచ్చి కూర్చోదు, మౌనం వస్తుంది. నానీ, దాదీలతో పాపకున్న బంధం ఆ భాషలోనే నడుస్తోంది. పైగా ఇంటి భాషలో పదాలూ, కథ చెప్పే తీరూ బలంగా ఉన్న పిల్లలకు బడి భాష త్వరగా పడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా సాధ్యమైన చోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించమంటోంది. ‘జమీన్’లో మీ పాప పలికే ‘జ’ ఇంగ్లీషు ‘జీరో’లో నేరుగా పనికొస్తుంది.

చేయవలసింది ఒక్కటే. బడిలో ఆ వారం ఏ పాఠమో అడిగి, దాన్ని ముందు ఇంట్లో ఉర్దూలో మాట్లాడించండి. పండ్ల పాఠమైతే తొక్క, గింజ, పులుపు, ధర అన్నీ ఉర్దూలో తెలిశాక ఇంగ్లీషు పేర్లు తగిలించడం తేలిక. బడిలో చేరిన కొత్తలో కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పాప మాట్లాడకపోవచ్చు. చెప్పిన పని చేస్తూ, సైగలు చేస్తూ, ఇంట్లో గలగలా మాట్లాడుతుంటే అది వింటున్న దశ. ఇంట్లోనూ మాట తగ్గితే కింది జవాబు చదవండి.

ప్రశ్న: బాబుకు రెండున్నరేళ్ళు, ఏడెనిమిది మాటలే వచ్చాయి. రెండు భాషల వల్లే అని ఒక భాష ఆపమంటున్నారు.
– కొరిటెపాడు, గుంటూరు

జవాబు: రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, నత్తి రాదు. ఆ మాట నమ్మి ఒక భాష ఆపి ఆరు నెలలు ఎదురుచూడడమే అసలు నష్టం. రెండేళ్ళకు రెండు భాషలూ కలిపి 50 మాటలు, ‘అమ్మ రా’ లాంటి రెండు మాటల జోడింపు ఉండాలి. మీ బాబును ఈ వారమే చూపించండి.

ముందు వినికిడి పరీక్ష. పేరు పిలిస్తే తిరుగుతున్నాడు కదా అని వదలొద్దు. కొన్ని స్థాయుల ధ్వనులే వినపడని పిల్లలు కూడా పిలుపుకు తిరుగుతారు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగిస్తుంది, దానికి చికిత్స ఉంది. పిల్లవాడు నిద్రలో ఉండగా చేసే బెరా పరీక్షతో వినికిడి తెలుస్తుంది. ఆ తరవాత స్పీచ్ థెరపిస్టు. వారి దగ్గరికి రెండు భాషల్లో వచ్చిన మాటల జాబితా రాసుకుని వెళ్ళండి. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, ఏడాది దాటినా వేలితో చూపించకపోతే, కళ్ళల్లోకి చూడకపోతే పిల్లల డాక్టరుకు ఆ సంగతి మొదటే చెప్పండి.

ప్రశ్న: రెండు భాషలు నేర్పితే తెలివి పెరుగుతుందా? మార్కులొస్తాయా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ చేసిన అధ్యయనంలో రెండు భాషల పిల్లలు ముందున్నారు. ఏకాగ్రత కూడా పెరుగుతుందని తరవాత చాలామంది రాశారు. ఇటీవలి పెద్ద అధ్యయనాల్లో ఆ తేడా కొన్నిటిలో కనిపించింది, కొన్నిటిలో లేదు. మార్కుల ఆశతో మొదలుపెట్టకండి. పెద్ద వయసు సంగతి మరింత ఆసక్తికరం. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలో కూడా ఆ తేడా ఉంది. ఇది కారణాన్ని రుజువు చేయదు కానీ, తోసిపుచ్చలేని ఆధారం.

ప్రశ్న: నాలుగున్నరేళ్ళ పాప ఇంగ్లీషు ‘బి’, ‘డి’ చిన్న అక్షరాలను తిప్పి రాస్తోంది, తెలుగులో ‘మ’కు బదులు ‘య’ రాస్తోంది. రెండు లిపులు ఒకేసారి వద్దా?
– మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఏడేళ్ళ దాకా ఇది మామూలే. రెండూ నేర్పవచ్చు, ఒకే రోజు ఒకే గంటలో వద్దు. తెలుగులో ‘క’ ఎక్కడున్నా ‘క’యే కాబట్టి అక్షరానికీ ధ్వనికీ ఉన్న ముడి ముందు తెలుగులో తెలియనివ్వండి. అ నుంచి వరస పట్టకుండా ల, త, క, గ, న, వ, ప, డ నేర్పితే వారం, పది రోజుల్లో తల, వల, కల, నగ, పలక, పడవ తనే చదువుతుంది. ఇసుకలో వేలితో, పలక మీద పెద్దగా రాయించండి. నాలుగు గీతల పుస్తకం యూకేజీ దాకా ఆగవచ్చు. ‘మ’, ‘య’లను పక్కపక్కన నేర్పకండి, మధ్యలో కనీసం రెండు వారాలు ఎడం ఉంచండి.