ఆ గుంయ్ మోత రికార్డింగ్ తప్పు కాదు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మా దోస్తు స్లీప్ అనే అమెరికా బ్యాండ్ పాట పంపిండు. ఒక్క పాటే గంట దాటింది, ఫోన్ల పెడితే ఒకటే గుంయ్ మని మోత, పాడేటోడు ఎనిమిది నిమిషాలైనంక గానీ నోరు తెరవడు. రికార్డింగే ఖరాబుందా? దీన్ని సైకెడెలిక్ డూమ్ మెటల్ అంటరట, అసలు ఎక్కడ పుట్టింది ఇది?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: రికార్డింగ్ మంచిగనే ఉంది తమ్ముడూ, ఫోన్ స్పీకర్‌కే ఆ పాట పట్టదు. గిటార్ లావు తీగ మామూలుగ సెకనుకు 82 సార్లు ఊగుతది, వీళ్లు దాన్ని ఇంకా లూజు చేసి 70 కిందికి దించుతరు, బేస్ గిటార్ అయితే అందులో సగం, ఫోన్ల ఆ కింది సౌండ్ మొత్తం పోయి పైన ఫజ్ పెడల్ (గిటార్ సౌండ్‌ను గరుకు చేసే చిన్న డబ్బా) గరగర ఒక్కటే మిగుల్తది. పెద్ద బాక్సులున్న చోట విను. దురాజ్‌పల్లి జాతరల భేరీల పక్కన నిలబడితే చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తది చూడు, గట్ల తగలాలె.

డూమ్ మెటల్ అంటే మెల్లగ, బరువుగ సాగే రాక్ సంగీతం, అది పుట్టింది ఇంగ్లాండ్‌ల, బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల నడుమ. తర్వాత బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్‌ల గిటార్ వాయించిన టోనీ అయోమికి అప్పుడు 17 ఏండ్లు, రేకుల ఫ్యాక్టరీల ఆఖరి రోజు డ్యూటీ, మిషన్ల కుడి చెయ్యి పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయినయ్, ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కే చెయ్యే అది. రెండు వేళ్లతోనే వాయించిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు ఫ్యాక్టరీ మేనేజర్ వినిపిస్తే మళ్ల పానం లేచొచ్చింది, ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నడు, నొప్పి లేకుండ సన్న తీగలు ఎక్కించిండు, 1971ల బ్లాక్ సబ్బాత్ మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి తీగల్ని మూడు స్వరస్థానాలు దించేసిండు. డూమ్ బ్యాండ్లు శానా మటుకు ఇయ్యాల్టికీ ఆ లూజు తీగల మీదనే బతుకుతున్నయ్. దెబ్బ తిన్న చెయ్యి ఓర్చుకోను ఎతుక్కున్న దారి అది, నాకు ఆ సౌండ్ మీద గౌరవం అందుకే.

కాలిఫోర్నియాల శాన్ హోసే పోరగాళ్లు స్లీప్. ఒకటే రిఫ్ (చిన్న గిటార్ ముక్క) తిప్పి తిప్పి, నోటు సాగదీసి, వినేటోనికి టైమ్ మర్చిపోయేదాంక తెస్తరు, సైకెడెలిక్ అనేది అక్కడ. సాహిత్యమంతా గంజాయి ముచ్చటే, దాంతోని మనకు పనిలేదు, సౌండ్‌ల ఉన్న మత్తు చాలు. నువ్వు విన్నది 1996ల రికార్డ్ చేసిన డోప్‌స్మోకర్, 63 నిమిషాలు. లండన్ రికార్డ్స్ కంపెనీ దాన్ని బయటికి తేలేదు, బ్యాండే విడిపోయింది, పూర్తి పాట జనానికి అందింది 2003ల. బేసిస్టు అల్ సిస్నెరోస్ తర్వాత ఓమ్ అని ఇంకో బ్యాండ్ పెట్టిండు, వాళ్ల 2009 ఆల్బమ్‌ల మన తంబూరా మోగుతది, స్లీప్ కష్టమనిపిస్తే ముందు అది విను.

ప్రశ్న: నా గిటార్ గట్లనే దించితే తీగలు జారిపోయి మెడ మీది లోహపు పట్టీలకు (ఫ్రెట్లకు) కొట్టుకుంటున్నయ్, ఏం చెయ్యాలె అన్నా?
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: అయోమి సన్న తీగలు వేసింది వేళ్ల కోసం, నీకు ఆ బాధ లేదు గదా, 11 లేదా 12 గేజ్ లావు సెట్టు ఎక్కించు. నట్ (మెడ కొసకు తీగలు కూసునే పట్టీ) గాళ్లు ఇరుకైతయ్, మెడ వంపు గూడ మారుతది, గిటార్ రిపేర్ తెలిసినోళ్లతోనే సెట్ చేయించు, సొంతంగ రాపిడి పెట్టకు.