శ్రీశైలం ట్రిప్పుకు 42 వేల రేడియో కావాలా?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చు, కారు ఈఎంఐ పోను నెలకు ఎనిమిది వేలు మిగులుతాయి. అత్యవసరానికని 90,000 దాచాను. ఏడాదికి నాలుగుసార్లు ఫ్రెండ్స్‌మి ఆరు కార్లలో శ్రీశైలం, అరకు లాంటి చోట్లకు వెళ్తాం. అడవిలో ఫోన్ సిగ్నల్ పోయి ఎవరెక్కడున్నారో తెలియక టెన్షన్. నాకూ, ఇంకో ఇద్దరికీ ఈమధ్యే హ్యామ్ రేడియో (సెట్ నుంచి సెట్‌కు నేరుగా మాట్లాడుకునే అభిరుచి రేడియో) లైసెన్స్ వచ్చింది. కారులో బిగించే 50 వాట్ల సెట్ తీసుకోమని గ్రూప్‌లో సీనియర్ ఒకాయన అంటున్నారు. బిగింపుతో కలిపి 42,000. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టనా?

జవాబు: పెట్టొద్దు. రేడియో కొనుక్కోండి, కానీ అది కాదు.

కార్డు మీద ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుందాం. నెలకు 3,800 పైచిలుకు కట్టాలి. వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపి 4,400 దాకా అదనం. ప్రాసెసింగ్ ఫీజు వేరే. నెలాఖరుకు మీకు మిగిలేదాంట్లో దాదాపు సగం ఏడాది పొడుగునా దీనికే పోతుంది. వాడేదేమో నాలుగు ట్రిప్పులు. పోనీ దాచిన డబ్బు తీద్దామంటే, ఆ 90,000 మీ రెండు నెలల ఖర్చుకే చాలదు. దాని జోలికి వెళ్లకండి.

అలాగని మీ టెన్షన్‌ను తీసిపారేయను. శ్రీశైలం దారిలో మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు. ఐదు కార్లు దాటి ఆరోది పంక్చరై వెనకబడితే, ఫోన్ కలవకపోతే, ఆ రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఓసారి మేమూ గేటు అవతల ఇలాగే కూర్చున్నాం.

మీ ముందు కారుకూ వెనక కారుకూ మధ్య దూరం ఎంతుంటుంది? రెండు మూడు కిలోమీటర్లు. మీకు అనుమతి ఉన్న 144-146 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు తిన్నగా వెళ్తాయి. కొండ అడ్డొచ్చిందంటే 5 వాట్లయినా 50 వాట్లయినా పెద్ద తేడా ఉండదు. బయలు నేల మీద కూడా పవర్ పదింతలు చేస్తే దూరం పదింతలు పెరగదు, మహా అయితే మూడింతలు. అసలు తేడా వచ్చేది యాంటెన్నాతో. కారంటే ఇనుప డబ్బా. చేతిలో పట్టుకునే సెట్‌కు ఇచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నాతో లోపల కూర్చుని మాట్లాడితే సిగ్నల్ చాలావరకు ఆ డబ్బాలోనే ఆగిపోతుంది. అదే సెట్‌కు వైరు తగిలించి, టాప్ మీద అర మీటరు పొడుగున్న మాగ్నెట్ యాంటెన్నా పెట్టండి. కారు టాప్ రేకు కూడా యాంటెన్నాలో భాగమై పని చేస్తుంది.

అందుకే నా లెక్క ఇది. బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి 5 వాట్ల హ్యాండ్‌సెట్ సుమారు మూడు వేలు. మాగ్నెట్ యాంటెన్నా రెండు వేలు. కారు సాకెట్ నుంచి నడిపే అడాప్టర్, కాలరుకు తగిలించుకునే మైకు కలిపి ఇంకో వెయ్యి, పన్నెండొందలు. షాపును బట్టి కాస్త అటూఇటూ అయినా ఏడు వేలు దాటదు. ఒక్క నెల మిగులుతో అయిపోతుంది. యాంటెన్నా వైరు చివరి పిన్ను ఆ సెట్‌కే సరిపోతుందా అని అడిగి కొనండి. ఆడ పిన్ను, మగ పిన్ను అని రెండుంటాయి, కంపెనీని బట్టి మారతాయి. మా బావమరిది ఈ ముక్క తెలియక రెండుసార్లు కొరియర్ చార్జీలు కట్టాడు. మరో సంగతి, ఈ సెట్ మీకు అనుమతి లేని ఫ్రీక్వెన్సీల్లో కూడా మాట్లాడనిస్తుంది. మీకు అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీల్లోని చానెళ్లు మాత్రమే సేవ్ చేసుకోండి.

50 వాట్ల సెట్‌తో ఇంకో చిక్కుంది. దానికి పది ఆంపియర్ల పైన కరెంటు కావాలి కాబట్టి సిగరెట్ సాకెట్ సరిపోదు, బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగాలి. వారంటీ ఉన్న కారైతే బయటి మెకానిక్‌తో వైరింగ్ ముట్టిస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఆరు కార్లలో లైసెన్స్ ఉన్నది ముగ్గురికే. మిగతా వాళ్లకు మీ సెట్ లాంటిదే కొనిచ్చి మాట్లాడించడం కుదరదు, అది నేరం. మీ ముగ్గురూ ముందు, మధ్య, చివరి కార్లలో ఉండండి. లైసెన్స్ లేని ముగ్గురూ మధ్య కారుకు దగ్గర్లో నడపాలి. 446.0-446.2 మెగాహెర్ట్జ్‌లో పని చేసే తక్కువ పవర్ వాకీటాకీలకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అలాంటివి నాలుగు ట్రిప్పు ఉమ్మడి ఖర్చులోంచి కొని, ఆ మూడు కార్లకూ మధ్య కారుకూ ఇవ్వండి. మధ్య కారులో పక్క సీటు మనిషి ఆ వాకీటాకీలో ముందూ వెనకా కబుర్లు అందిస్తాడు. మీ హ్యామ్ సెట్‌నే 446కు తిప్పి వాడితే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. ఆన్‌లైన్‌లో ఫ్రీక్వెన్సీ రాయని వాకీటాకీలు కొనొద్దు. వీటి మీద 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమ్మకాల సైట్లకు నోటీసులిచ్చింది.

లైసెన్స్ లేని ఆ ముగ్గురినీ హ్యామ్ పరీక్ష రాయమనండి. ఫీజు 100, లైసెన్స్ 20 ఏళ్లకు 1,000. కింది స్థాయి లైసెన్స్ అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు. కాకపోతే పోలీసు వెరిఫికేషన్ అదీ అయ్యేసరికి నెలలు పట్టొచ్చు. మీ లైసెన్స్ కాగితంలో కూడా వాహనంలో వాడకం గురించి ఏం రాసుందో చూసుకుని, కాపీ కారులో పెట్టుకోండి.

పెద్ద సెట్ మీద ఆశ చావకపోతే నెలకు రెండు వేలు ఆర్‌డీ వేయండి. రెండేళ్లకు దగ్గరదగ్గర 50,000 అవుతాయి. అప్పటికీ కావాలనిపిస్తే రొక్కమిచ్చి కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను.

యాంటెన్నా ఆర్డర్ పెట్టే ముందు ఫ్రిజ్ మీది మాగ్నెట్ ఒకటి తీసుకెళ్లి కారు టాప్ మీద పెట్టి చూడండి. సన్‌రూఫ్ అద్దం మీద అది నిలవదు.