మీ ప్రశ్నలు – మా జవాబులు: మనసును లొంగదీసే స్పెల్స్

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ గురించే. డైస్‌తో ఆడే కథల ఆట ఇది: ఆటగాళ్లు ఒక్కో పాత్రను నడిపితే, మిగతా లోకాన్నీ విలన్లనూ డీఎం (డన్జన్ మాస్టర్) నడుపుతారు. జవాబులు 2014 రూల్స్ ప్రకారం. 2024లో ఆ రూల్స్‌ను సవరించారు; సజెషన్ విషయంలో మారిన మాట కూడా చెప్పాం.

ప్రశ్న: మా మాంత్రికుడు కోట కాపలావాడి మీద ఛార్మ్ పర్సన్ (మనిషిని మచ్చిక చేసుకునే స్పెల్) వేశాడు. వాడు సేవింగ్ త్రో (స్పెల్‌ను తట్టుకోవడానికి వేసే డైస్) తప్పాడు. ఇక తాళంచెవులు అడిగితే ఇచ్చి తీరాలని ఆటగాడి పట్టు. నిజమేనా?

కాదు. ‘చెప్పింది చేస్తాడు’ అన్న మాట ఆ స్పెల్‌లో ఎక్కడా లేదు. కాపలావాడు మాంత్రికుణ్ని కాస్త స్నేహం ఉన్న పరిచయస్తుడిలా చూస్తాడు, అతని మీద చెయ్యెత్తలేడు. కాపలావాడితో మాటలు నడిపేటప్పుడు మాంత్రికుడి చెక్‌లకు (పని కుదిరిందో లేదో తేల్చే డైస్) అడ్వాంటేజ్ ఉంటుంది, అంటే డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం. అంతవరకే. యజమాని అంటే ఉన్న భయం అలాగే ఉంటుంది.

స్నేహభావం ఉన్నవాళ్ల విషయంలో డీఎం గైడ్ ఇచ్చిన కొలతలే ఇక్కడా వాడండి. కాపలా ఎప్పుడు మారుతుందో చెప్పడం లాంటి ప్రమాదం లేని పనికి డైస్ వేయించక్కర్లేదు. చూసీచూడనట్టు లోపలికి వదలడం చిన్న రిస్క్, దానికి డీసీ (డైస్‌తో చేరాల్సిన అంకె) 10. తాళంచెవులు ఇస్తే తల పోతుందనుకుంటే డీసీ 20.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి: రక్షణ మాంత్రికుడికి మాత్రమే. పక్కనున్న దొంగ గోడెక్కుతూ దొరికితే కాపలావాడు వాణ్ని నిక్షేపంగా పొడవచ్చు. పార్టీలో ఎవరు కాపలావాడికి హాని చేసినా స్పెల్ అక్కడికక్కడే పోతుంది. గంట గడిచాక తన మీద మంత్రం వేసింది ఎవరో వాడికి తెలిసిపోతుంది. పారిపోయే దారి ముందే చూసుకోవాలి.

ప్రశ్న: సజెషన్ స్పెల్‌తో ఒకరికి ఒక పని సూచిస్తాం, అది ‘సబబైన’దిగా వినిపించాలని రూల్. ‘సబబైన’ పని అంటే ఏమిటి? ప్రతిసారీ దీని దగ్గరే గొడవ.

గొడవ రావాల్సిన చోటే ఇది, ఎందుకంటే తేల్చే పని రూల్ డీఎంకే వదిలేసింది. తనను తాను పొడుచుకోమనడం, నిప్పంటించుకోమనడం లాంటివి చెబితే స్పెల్ ముగిసిపోతుంది. మిగతాదంతా వాక్యం ఎలా కుదిరిందన్నదాని మీదే ఉంది. ‘కత్తి పడేసి పారిపో’ అనడం బలహీనం. ‘వెనక గేటు దగ్గర ఎవరూ లేరు, వెళ్లి తెల్లారేదాకా అక్కడ కాపలా ఉండు’ అంటే కాపలావాడికి అది రోజూ చేసే పనే.

మా సలహా: సేవింగ్ త్రోకి ముందే ఆటగాడితో ఆ ఒకటి రెండు వాక్యాలు కాగితం మీద రాయించండి, అది సబబో కాదో అప్పుడే చెప్పేయండి. డైస్ పడ్డాక తీర్పు చెబితే ఎవరికో ఒకరికి అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. లక్ష్యంగా ఎంచుకున్నవాడికి ఆ మాట వినబడాలి, ఆ భాష అర్థం కావాలి. స్పెల్ 8 గంటల వరకు నిలిచేది మాంత్రికుడి కాన్సంట్రేషన్ (స్పెల్ మీద ఏకాగ్రత) ఉన్నంతసేపే. ఈలోగా మాంత్రికుడికి దెబ్బ తగిలితే ఆ ఏకాగ్రత నిలబెట్టుకోవడానికి కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్, అంటే సేవింగ్ త్రో, వేయాలి. దాని డీసీ 10 లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది.

2024లో ‘సబబు’ పోయింది. సలహా 25 పదాలు దాటకూడదు, సాధ్యమయ్యేదిగా అనిపించాలి, విన్నవాడికీ వాడి మిత్రులకూ కళ్లెదుటే డ్యామేజ్ తెచ్చేది కాకూడదు.

ప్రశ్న: ఎల్ఫ్ జాతి పాత్రకు ఉన్న ఫే యాన్సెస్ట్రీ (ఛార్మ్ కాకుండా వేసే సేవింగ్ త్రోకి అడ్వాంటేజ్ ఇచ్చే గుణం), ఒక్క మాటతో ఆజ్ఞాపించే కమాండ్ స్పెల్‌ను తట్టుకోవడానికి పనికొస్తుందా?

రాదు. కమాండ్ ఎవరినీ ఛార్మ్ చేయదు.

ప్రశ్న: ఆటగాడి పాత్ర మీదే డామినేట్ పర్సన్ (మనిషిని ఆజ్ఞలతో నడిపించే స్పెల్) పడితే దాన్ని ఎవరు ఆడాలి?

మామూలు ఆజ్ఞ అయితే ఆటగాడే. ‘ఆ క్లెరిక్‌ను చంపు’ అని విలన్ ఆజ్ఞాపిస్తే పాత్ర శాయశక్తులా ప్రయత్నించాలి కాబట్టి, కావాలని తేలిక దెబ్బలు వేయడం కుదరదు. విలన్ తన యాక్షన్ (టర్న్‌లో చేసే ప్రధానమైన పని) ఖర్చుపెట్టి పూర్తి అదుపు తీసుకుంటే, అతని తర్వాతి టర్న్ (వంతు) ముగిసేదాకా క్యారెక్టర్ షీట్ డీఎం చేతికి వెళుతుంది. ఆ పాత్ర రియాక్షన్ (ఏదైనా జరిగినప్పుడు వెంటనే చేసే ఎదురుపని) వాడించాలంటే విలన్ తన రియాక్షన్ కూడా వదులుకోవాలి. దీన్ని లెక్కపెట్టని టేబుళ్లే ఎక్కువ.

విడిపించడానికి దారులున్నాయి. డ్యామేజ్ తగిలిన ప్రతిసారీ ఆ పాత్రకు మళ్లీ సేవ్ దొరుకుతుంది, కాబట్టి మిత్రుడి ఉత్త పిడిగుద్దు కూడా మందే. స్పెల్స్‌ను తుడిచేసే డిస్పెల్ మ్యాజిక్‌ను మూడో లెవెల్ స్లాట్‌తో (స్లాట్ అంటే స్పెల్ వేయడానికి ఖర్చుపెట్టే శక్తి వాటా) వేస్తే, ఐదో లెవెల్‌లో పడిన డామినేట్‌కు డీసీ 15 చెక్. కామ్ ఎమోషన్స్ అనే స్పెల్ డామినేట్‌ను కాసేపు అణచిపెడుతుంది. అన్నిటికన్నా విలన్‌నే కొట్టడం మేలు: కాన్సంట్రేషన్ చెడితే పని అయిపోయినట్టే. ఎలాగూ ఐదో లెవెల్ స్లాట్‌తో వేసింది ఒక్క నిమిషమే, అంటే 10 రౌండ్లు (రౌండ్‌లో అందరికీ ఒక్కో టర్న్). అన్ని రౌండ్లూ ఒక ఆటగాడు తన వాళ్లనే కొడుతూ కూర్చోవడం అందరికీ సరదా కాదు. ఇలాంటి స్పెల్స్ తమ పాత్రల మీద పడినా ఫర్వాలేదా అని క్యాంపెయిన్ మొదలెట్టే ముందే అడగండి. వద్దన్నవాళ్ల విషయంలో విలన్‌కు హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా చేసే స్పెల్) ఇచ్చి సరిపెట్టండి.