ఒక్క రికార్డింగు ఇంట్లో ముగ్గురికీ సరిపోదు

హనుమకొండ

బిడ్డా,

బరువు తగ్గడానికని నువ్వు పంపిన ఇరవై నిమిషాల హిప్నాటిజం ఆడియో రెండుసార్లు విన్నాను. గొంతు బాగుంది, వెనకాల నీళ్ల చప్పుడూ బాగుంది. దాన్ని నువ్వు, అల్లుడు, మీ అత్తగారు ఒకే గదిలో పడుకుని వింటున్నామని రాశావు చూడు, అక్కడ నవ్వు ఆగలేదు. ముగ్గురికీ ఒకే కొలతతో బట్టలు కుట్టించినట్టుంది.

ముందు డబ్బు సంగతి. పది సిట్టింగుల్లో పది కిలోలు తగ్గిస్తామన్న చోట అడ్వాన్సు కట్టకు. హిప్నాటిజం కొవ్వును కరిగించదు. తిండి సరిచేసుకుని, రోజూ నడుస్తూ, తిన్నది రాసుకునేవాళ్లకు అది తోడైతే కొంత సాయం ఉంటుంది. ఆ సాయం ఎంత అన్నదాని మీద పరిశోధకులే వాదులాడుకున్నారు. ఇన్నేండ్లు జనానికి హిప్నాటిజం చేయిస్తూ నేను చూసినంతవరకు అది పనికొచ్చే చోటు ఒకటే. చెయ్యి చిరుతిండి డబ్బా మీద పడ్డాక మూత తీసేలోపు రెండు క్షణాలు ఉంటాయి. వాటిని కాస్త సాగదీస్తుంది. ఆ కాస్తలోనే మనిషికి "నాకిప్పుడు ఆకలిగా ఉందా?" అని అడుగుకునే వీలు దొరుకుతుంది.

రెండోది, పరీక్షలు. నువ్వు థైరాయిడ్ చూపించుకుని ఎన్నాళ్లయింది? మీ అత్తగారు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు. తిండి ఒక్కసారిగా తగ్గించి మాత్రలు అలాగే వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. డాక్టరుకు చెప్పిన తర్వాతే మిగతాది. మూర్ఛ ఉన్నవాళ్లకు, చెవిలో ఎవరో మాట్లాడినట్టు ఉంటుందనేవాళ్లకు, తిన్నది కావాలని కక్కుకునే పిల్లలకు నేను హిప్నాటిజం చెయ్యను. నేరుగా మానసిక వైద్యుల దగ్గరికే పంపుతాను. బరువు మిషను రోజూ ఎక్కొద్దు, వారానికొకసారి చాలు. దానికన్నా టేపు మేలు. నడుము మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకుండా ఉండాలంటారు.

ఇక నువ్వడిగింది. కలుపుగోలు మనుషులకు ఒక రకం, ముభావంగా ఉండేవాళ్లకు ఇంకో రకం హిప్నాటిజం ఉంటుందా అని. అంత తేలిగ్గా తేలదు. 1959లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైట్జెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే ఇద్దరు, మనిషి ఏ మేరకు హిప్నాటిజంలోకి పోగలడో కొలిచే పద్ధతి ఒకటి తయారు చేశారు. అలాంటి కొలతల్లో నూటికి పది పదిహేను మంది బాగా లోతుకు పోతారు, ఇంచుమించు అంతమందికి ఏమీ ఎక్కదు, మిగతావాళ్లంతా మధ్యలో ఉంటారు. మాటకారితనానికీ దీనికీ పెద్ద సంబంధం లేదు. ఉన్న సంబంధమల్లా, ఒక పనిలో పడితే లోకం మరిచిపోయే గుణంతోనే. మనిషి తీరు నాకు అక్కరకొచ్చేది ఏ మాట చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న దగ్గర.

నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు కథల పుస్తకం పట్టుకుంటే అన్నానికి నాలుగుసార్లు పిలిచినా పలికేదానివి కాదు. నీలాంటి వాళ్లకు కళ్ల ముందు బొమ్మ కట్టి చెప్పాలి. ఇలా చెయ్. సాయంత్రం చాయ్ వేళకు పది నిమిషాల ముందు కుర్చీలో కూర్చో. పడుకుంటే నిద్రపోతావు. తల కదపకుండా కనుబొమల కన్నా పైన గోడ మీద ఒక చుక్కను చూడు. రెప్పలు బరువెక్కాక మూసెయ్. ఊపిరి వదిలేటప్పుడల్లా పది నుంచి కిందికి లెక్కపెట్టు. తర్వాత పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నావనుకో. గాలి, గుడి గంట, చెప్పుల కింద ఇసుక, అన్నీ రానివ్వు. అప్పుడు ఒక సకినం చేతిలోకి తీసుకుని, నువ్వుల వాసన చూసి, నెమ్మదిగా నమిలి, "ఇక చాలు" అని డబ్బా మూత పెడుతున్నట్టు చూసుకో. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి కళ్లు తెరువు. మూడు వారాలు ఆపకుండా చెయ్. బండి నడిపేటప్పుడు మాత్రం వద్దు. ఇంకో మాట, నీలాంటి వాళ్లకు మంచి మాట ఎంత తొందరగా అంటుతుందో చెడ్డమాటా అంతే. పెళ్లిళ్లలో "అబ్బో, ఇంత లావైనవేందే" అనే చుట్టాల మాట కూడా సజెషనే, అంటే మనసులో నాటుకునే మాటే. అది విన్న రాత్రి నువ్వేం తిన్నావో పుస్తకంలో రాసిపెట్టు.

ఈ బొమ్మల దగ్గర నేనొక తప్పు చేశాను. మొదట్లో ఒకామెను వరంగల్ శివనగర్ మెట్లబావిలోకి ఒక్కో మెట్టు దిగుతున్నట్టు ఊహించుకొమ్మన్నాను. ఆరో మెట్టు దగ్గర ఆమె ఒళ్లంతా చెమటతో లేచి కూర్చుంది. వాళ్ల తమ్ముడు బావిలో పడి పోయాడట. నేను అడగనే లేదు. అప్పటి నుంచి నీళ్లు, ఎత్తు, చీకటి, వీటిలో దేనికి భయమో అడక్కుండా మొదలుపెట్టను. నీ ఆడియోలో ఆ నీళ్ల చప్పుడు మీ అత్తగారికి ఎలా ఉందో అడిగావా?

తీపి అంటే అసహ్యం అని చెప్పించడం ఇంకో తప్పు. అదీ నేను చేసిందే. ఒక టీచరమ్మకు అరిసెలంటే మాడిన నూనె కంపు గుర్తొచ్చేలా చెప్పాను. పది రోజులు పనిచేసింది. పండుగనాడు వాళ్లమ్మ పెట్టింది వద్దనలేక తిని, ఆ దెబ్బకు రెండింతలు తినేసి, మొహం చెల్లక నా దగ్గరికి రావడం మానేసింది. మన పండుగలు తిండితో ముడిపడి ఉన్నాయి. తిండిని రోత చేస్తే పండుగను రోత చేసినట్టే.

అల్లుడు "నన్నెవరూ హిప్నటైజ్ చెయ్యలేరు" అన్నాడన్నావు. నిజమేనని చెప్పు. ఎవరికి వాళ్లు చేసుకునేదే అది. వాదించే మనిషికి ఆజ్ఞ ఇస్తే ఎదురు తిరుగుతాడు, కారణం చెబితే ఆలోచిస్తాడు. జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1843లో దీని మీద పుస్తకం రాసి, నిద్రకు గ్రీకు మాట తీసుకుని పేరు పెట్టాడు. ఇది నిద్ర కాదు, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అని తర్వాత ఆయనే పేరు మార్చబోయాడు. అప్పటికే పాత పేరు జనం నోట్లో పడింది. ఈ ముక్క అల్లుడికి నచ్చుతుంది. సింగరేణిలో నైట్ షిఫ్టు దిగి ఇంటికి వస్తూ మిర్చీ బజ్జీ తినడం ఆకలి వల్లనా, అలవాటు వల్లనా అని తననే ఒక వారం లెక్క రాయమను. తనకు తాను చెప్పుకునే వాక్యం కూడా తననే రాసుకోమను. నేనైతే ఇలాంటిది చెబుతాను: "రెండు తిన్నాక మూడోది తినాలో వద్దో అప్పుడు చూస్తాను." అందులో వద్దు అన్న ఆర్డరు లేదు, అందుకే ఎదురు తిరగడానికి ఏమీ దొరకదు.

మీ అత్తగారి గురించే నేను ఎక్కువ ఆలోచించాను. కళ్లు మూసుకుంటే దుబాయ్‌లో ఉన్న చిన్నకొడుకే కనిపిస్తాడని ఆమె అన్నదన్నావు. అలాంటప్పుడు కళ్లు ఎందుకు మూయించాలి? ఇరవై ఏండ్లు బీడీలు చుట్టిన చేతులవి. చాట ఒళ్లో పెట్టుకుని చుట్టేటప్పుడు ఆమెకు పొద్దు తెలిసేది కాదని నువ్వే రాశావు. ఆమె హిప్నాటిజం అక్కడే ఉంది. ఇప్పుడు చేతులకు పని లేదు, రాత్రి కొడుకు ఫోన్ వచ్చేదాకా అవి అటుకుల డబ్బాను వెతుక్కుంటున్నాయి. పత్తి తెచ్చి ముందు పెట్టు. తొమ్మిదింటికి దీపం వత్తులు చేసుకోమను, కళ్లు తెరిచే. ఒక్కో వత్తి అయ్యాక ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకుని "ఇది ఆకలా, ఎదురుచూపా?" అని అడుగుకోమను. ఆకలే అయితే తినాల్సిందే. షుగర్ మనిషిని పస్తు ఉంచొద్దు. ఎదురుచూపైతే ఇంకో వత్తి. కిలోలు తగ్గినా తగ్గకపోయినా ఆమెకు రాత్రిళ్లు కాస్త నిమ్మళంగా ఉంటుంది.

నీకు ఏమీ ఎక్కడం లేదనిపిస్తే దాచకు. నన్ను మెప్పించడానికి "చాలా బాగుంది అత్తమ్మా, తిండి ధ్యాసే లేదు" అనేవాళ్లను ఎందరినో చూశాను, వాళ్ల టేపు మాత్రం కదలదు. ఎక్కనివాళ్లూ ఉంటారు, అందులో లోపమేమీ లేదు. వాళ్లకు నడక, తిండి పుస్తకం చాలు.

ఆ ఆడియో తీసెయ్. నీకు నువ్వు చెప్పుకునే మూడు వాక్యాలు నీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపు, విని చెబుతాను. సంక్రాంతికి మీ అత్తగారిని కూడా తీసుకురా. ఈసారి రెండు కిలోల బియ్యానికే సకినాలు చుడుతున్నాం, ఆమె చేతులుంటే తొందరగా అవుతుంది.

మీ అత్తమ్మ