ఆ ఫొటోలు తీసింది ఎవరు?

ప్రశ్న: మేజోళ్లతో కోతి, కుందేలు బొమ్మలు కుట్టి బంధువుల పిల్లలకు కానుకగా ఇచ్చేదాన్ని. తర్వాత ఫోనులో ఫొటోలు పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. నా దగ్గరే నేర్చుకున్న స్నేహితురాలు రెండేళ్ల నాలుగు నెలలుగా అచ్చం అలాంటివే కుట్టి, మా మరిది తీసిన నా బొమ్మల ఫొటోలే పెట్టి అమ్ముతోంది. నమ్మినందుకు ఇదా ఫలితం? ఇప్పుడైనా డిజైన్ నమోదు చేయించవచ్చా? ఆమె బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర లేదని ఫిర్యాదు చేస్తే దారికొస్తుందంటున్నారు. చేయమంటారా?

జవాబు: మీ ఉత్తరమంతా స్నేహద్రోహం గురించే. కేసును తేల్చే మాట మాత్రం మధ్యలో ఎక్కడో ఉంది: ఫొటోలు తీసింది మీ మరిది.

ముందు బొమ్మ సంగతి. మేజోడు మడమను కోతి మూతిగా మలచడం మీరు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఎర్రమడమ మేజోళ్లు అమ్మిన కంపెనీ ఆ కుట్టు విధానాన్ని 1950లలోనే కొన్నవారికి అచ్చువేసి ఇచ్చింది. మీ కుందేలుకు ప్రత్యేకమైన రూపం ఉందనుకున్నా, డిజైన్ల చట్టం, 2000లోని సెక్షన్ 4 ప్రకారం దరఖాస్తుకు ముందే లోకానికి చూపిన డిజైన్‌కు నమోదు దొరకదు. తేదీలతో సహా మీరు నాకు పంపిన ఫొటోలే మీకు ఎదురు సాక్ష్యం. ఆ సంగతి దాచి నమోదు చేయించినా అవతలివారు రద్దు చేయించగలరు.

ఐఎస్ఐ ఫిర్యాదు జోలికి అసలు వెళ్లకండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఆ ముద్ర తప్పనిసరి. మీ బొమ్మలకు ఉందా? ఉత్తరంలో ఎక్కడా చెప్పలేదు. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు స్వయంగా చేసి అమ్ముకునే వాటికి మినహాయింపు ఉంది. నమోదు లేకుండా ఇన్నాళ్లూ అమ్మారంటే ఆమె మీద వేసే రాయి మీ నెత్తినే పడుతుంది. కానుకగా ఇచ్చినంతకాలం వేరు, అమ్మకానికి దిగాక చట్టం చూసుకోకపోవడం మీ అశ్రద్ధే. అర్హత ఉంటే ముందు ఆ నమోదు పూర్తిచేయండి.

ఇక మీకు మిగిలింది ఫొటోలు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి. బొమ్మ మీది, ఫోను మీది, బల్ల మీద పరిచిన గుడ్డ మీది కావచ్చు. మీట నొక్కింది ఆయన కాబట్టి ఈ రోజు దావా వేస్తే మొదటి వాయిదాలోనే 'మీరెవరు?' అని అడుగుతారు. కాబట్టి ఆ హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు ఆయన చేత రాయించి సంతకం తీసుకోండి. ఏయే ఫొటోలు, ఎంతకాలానికి, ఏ ప్రతిఫలానికి అన్నవి స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది. ఇప్పటికే జరిగిన ఉల్లంఘనలపై దావా వేసే హక్కు కూడా ఇస్తున్నట్టు ప్రత్యేకంగా రాయించండి. సంతకం చేసిన రోజు తేదీయే వేయాలి. పాత తేదీ వేస్తే అది దొంగ పత్రం, మీ న్యాయమైన కేసు కూడా దానితోనే పోతుంది.

కాపీరైట్ ఉల్లంఘనపై నష్టపరిహారానికి గడువు, ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. తొలి అమ్మకాల విషయంలో మీకు మిగిలింది ఎనిమిది నెలలే. లాయరు నోటీసు పంపితే గడువు ఆగదు. ఆమె పెట్టిన ప్రకటనలను తేదీ, చిరునామా కనిపించేలా ఇవాళే భద్రపరచండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో మీరు సంతకం చేసే భాగం ఒకటి, నిపుణుడు చేసేది ఇంకొకటి. మరిది ఫోనులోని అసలు ఫైళ్లను ఎవరూ తుడిచేయకుండా చూసుకోండి.

నోటీసులో ఫొటోల వాడకం ఆపాలని, నష్టం చెల్లించాలని మాత్రమే అడగండి. బొమ్మల ఊసెత్తి లేని హక్కుతో బెదిరిస్తే ఆమే మీ మీద దావా వేయగలదు. ఆమె వినకపోతే, ఆమె ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. నిషేధ ఉత్తర్వు కూడా అక్కడే అడగండి.